కారు కీ తిరగడం లేదా? స్పేర్ కీ, కొత్త కీ, కొత్త లాక్: ఎవరికి ఏది సరిపోతుంది

కీ పెట్టారు, లోపలిదాకా వెళ్లింది, తిరగడం మాత్రం లేదు. అప్పుడు చెయ్యి తనంతట తానే ఇంకాస్త బలంగా తిప్పేస్తుంది. ఆ ఒక్క పని చేయకండి. పటకారు (ప్లయర్) పెట్టి తిప్పడం అసలే వద్దు. కీ లోపల విరిగిందంటే, వందల్లో తేలిపోయే పని వేలల్లోకి వెళ్తుంది. అప్పటిదాకా మీ ముందున్న నాలుగైదు దారుల్లో ఒకటే మిగులుతుంది: లాక్ విప్పడం.

ఏ దారి పట్టాలో తేల్చుకునే ముందు అసలు ఆగింది ఎక్కడో చూడాలి. "కీ తిరగట్లేదు" అని మెకానిక్‌కు ఫోన్ చేసేవాళ్లలో చాలామందికి ఉన్న సమస్య అది కాదు.

| మీకు కనిపించేది | ఎక్కువగా కారణం | మొదట చేయాల్సింది |
|---|---|---|
| కీ సగం దాకా వెళ్లి ఆగుతోంది | గాడిలో దుమ్ము, విరిగిన ముక్క, లేదా అది వేరే బండి కీ | కీ చూసుకోండి, గాడిలోకి టార్చ్ వేయండి |
| కీ పూర్తిగా వెళ్లింది, స్టీరింగ్ బిగుసుకుంది | స్టీరింగ్ లాక్ మీద బరువు పడింది | స్టీరింగ్ ఆడిస్తూ తిప్పండి |
| కీ పూర్తిగా వెళ్లింది, స్టీరింగ్ ఆడించినా ఫలితం లేదు | కీ గానీ, లాక్ లోపలి బిళ్లలు గానీ అరిగాయి | స్పేర్ కీ పెట్టి చూడండి |
| ఆన్ దాకా తిరిగింది, స్టార్ట్ వైపు కదలడం లేదు | కొన్ని కార్లలో ఒకసారి సెల్ఫ్ కొట్టాక కీ వెనక్కి తెస్తేనే మళ్లీ తిరుగుతుంది | కీ లాక్ దాకా వెనక్కి తెచ్చి మళ్లీ తిప్పండి |
| స్టార్ట్ దాకా తిరిగింది, ఇంజిన్ పలకడం లేదు | బ్యాటరీ, సెల్ఫ్ మోటార్, లేదా కీ చిప్ | లాక్ జోలికి పోవద్దు, ఆటో ఎలక్ట్రీషియన్‌ను పిలవండి |
| ఇంజిన్ ఆపాక కీ బయటికి రావడం లేదు | ఆటోమేటిక్‌లో గేర్ పీ (పార్క్)లో లేదు. కొన్ని మాన్యువల్ కార్లలో కీ లోపలికి నొక్కి తిప్పాలి | గేర్ పీలోకి పూర్తిగా నెట్టండి. కీ నొక్కి వెనక్కి తిప్పండి |

మామూలు కీ ఉన్న కార్లలో బ్యాటరీ పూర్తిగా చచ్చినా కీ తిరుగుతుంది. అది ఇనుము, ఇత్తడి చేసే పని, కరెంటుకు సంబంధం లేదు. కాబట్టి కీ కదలనప్పుడు బ్యాటరీ జంప్ చేయించడం డబ్బు దండగ.

## లోపల ఆగేది ఏమిటి

మనం కీ దూర్చే గుండ్రటి భాగం బ్యారెల్. దాని పొడవునా పల్చటి ఇత్తడి బిళ్లలు వరసగా ఉంటాయి, సాధారణంగా అయిదు నుంచి పది దాకా. వీటిని వేఫర్లు అంటారు. ఒక్కోదానికీ సన్నటి స్ప్రింగ్ ఉంటుంది. కీ లేనప్పుడు ఈ బిళ్లల అంచులు బ్యారెల్ దాటి బయటి గూడులోని గాడిలోకి పొడుచుకుని ఉంటాయి. సరైన కీ వెళ్తే దాని పళ్ల ఎత్తుపల్లాలు ఒక్కో బిళ్లనూ సరిగ్గా కావలసినంత జరిపి, అన్నిటినీ బ్యారెల్ అంచుకు సమం చేస్తాయి. అప్పుడే అది తిరుగుతుంది. ఒక్క బిళ్ల వెంట్రుకవాసి బయటికి ఉన్నా తిరగదు.

రోజుకు నాలుగైదు సార్లు చొప్పున పదేళ్లు వాడిన కీని పట్టి చూడండి. పళ్ల కొనలు గుండ్రంగా, నున్నగా మెరుస్తుంటాయి. అరిగిన ఆ కొన బిళ్లను కావలసినంత ఎత్తలేదు. కీ పూర్తిగా లోపలికి నెట్టి, ఒక మిల్లీమీటరు వెనక్కి లాగి తిప్పితే తిరుగుతోందంటే అరుగుదలకు అంతకన్నా మంచి గుర్తు లేదు.

దుమ్ము రెండో కారణం. మన దగ్గర దానికి తోడు పూజ ఉంది. వాహన పూజ రోజు, దసరా ఆయుధపూజ రోజు కీకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, అలాగే లాక్‌లో పెట్టేస్తాం. ఆ పొడి గాడిలో దిగి, వానాకాలం తేమకు ముద్దయి స్ప్రింగుల మధ్య గట్టిపడుతుంది. బొట్టు కీ తల మీద పెట్టండి, పళ్ల మీద వద్దు. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో ఆరుబయట ఉండే బండ్లకు ఉప్పుగాలి అదనం.

## ఎంచుకునే ముందు నాలుగు ప్రశ్నలు

స్పేర్ కీ ఉందా? అన్నిటికన్నా ముందు తేలాల్సింది ఇదే. తప్పు కీదా, లాక్‌దా అన్నది రూపాయి ఖర్చు లేకుండా చెప్పేది అదొక్కటే.

కీలో చిప్ (బండి తన కీని గుర్తుపట్టే చిన్న ఎలక్ట్రానిక్ ముక్క) ఉందా? ఉంటే పళ్లు కోయించినంత మాత్రాన బండి స్టార్ట్ కాదు, ప్రోగ్రామింగ్ కూడా చేయించాలి.

ఇప్పటికీ అప్పుడప్పుడైనా తిరుగుతోందా? ఖర్చును ఎక్కువగా మార్చేది ఇది. చాలా కార్లలో బ్యారెల్ బయటికి తీయాలంటే కీని ఏసీసీ (లాక్‌కూ ఆన్‌కూ మధ్య మెట్టు) దాకా తిప్పి, చిన్న రంధ్రంలోంచి ఒక పిన్ నొక్కాలి. తిరిగే లాక్ అయితే అనుభవం ఉన్నవాళ్ల చేతిలో చిన్న పనే. తిరగకుండా బిగుసుకుపోయిన లాక్‌ను డ్రిల్ చేయాలి, లేదా మొత్తం గూడుతో సహా దించాలి. ఆ గూడును స్టీరింగ్ కాలమ్‌కు పట్టి ఉంచేవి తల తెగిపోయే రకం బోల్టులు. దొంగలు విప్పకూడదని బిగించేటప్పుడే తల విరిగేలా చేస్తారు. వాటిని ఉలితో కొట్టి తిప్పాలి, లేదంటే డ్రిల్ చేయాలి. కాబట్టి మొరాయించడం మొదలైన వారంలోనే చేయించండి. పూర్తిగా ఆగేదాకా నెట్టుకొస్తే అదే పనికి ఇంకా ఎక్కువ కూలి ఇస్తారు.

ఈ బండిని ఇంకెన్నాళ్లు ఉంచుకుంటారు? సొంత కారు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు. 13 ఏళ్ల బండికి, 4 ఏళ్ల బండికి ఒకే సలహా కుదరదు.

## ఖర్చు లేని దారి: స్టీరింగ్ వదిలించడం

కీ తీశాక స్టీరింగ్ కాస్త తిప్పితే లోపల ఒక ఇనుప కడ్డీ స్టీరింగ్ కాలమ్ గాడిలో పడుతుంది. చక్రాలు వంకరగా ఉంచి, టైరు గట్టుకు ఆనించి పార్క్ చేస్తే ఆ ఒత్తిడంతా ఈ కడ్డీ మీదే ఉంటుంది. బ్యారెల్ బాగున్నా కడ్డీ వెనక్కి రాలేక కీని ఆపేస్తుంది.

మన కార్లలో ఎక్కువ వాటికి కీ స్టీరింగ్‌కు కుడివైపు ఉంటుంది. ఎడమ చేత్తో స్టీరింగ్ పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదపండి. ఒకవైపు రాయిలా ఆగుతుంది, రెండోవైపు కొంచెం ఆట ఉంటుంది. ఆట ఉన్న వైపు పట్టి ఉంచి, కుడి చేత్తో కీని రెండు వేళ్ల బలంతోనే తిప్పండి. రాకపోతే రెండోవైపు చూడండి. టైరు గట్టుకు గట్టిగా ఆని ఉంటే, నేల చదునుగా ఉన్నప్పుడు మాత్రమే, ఒకరు బ్రేక్ దగ్గర కూర్చుని గేర్ న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ దించాక, ఇంకొకరు బండిని జానెడు వెనక్కి నెడితే ఒత్తిడి వదులుతుంది. ఆటోమేటిక్‌లో ఈ చివరి పని కుదరదు.

## స్పేర్ కీ: పది సెకన్లలో తేలే తీర్పు

బీరువాలో పడి ఉన్న రెండో కీ పెట్టి చూడండి. అది సాఫీగా తిరిగితే లాక్ బాగుంది, రోజూ వాడే కీ అరిగింది లేదా వంగింది. రోజూ వాడేదాన్ని అద్దం మీద పెట్టి పక్కనుంచి చూస్తే వంపు తెలుస్తుంది. వంగిన కీని సుత్తితో సాగదీయకండి, ఆ చోటే రేపు విరుగుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు: స్పేర్ పని చేసింది కదా అని దాన్నే రోజువారీగా వాడటం మొదలుపెడతారు. అది అరిగే రోజుకు కొలత కోసం బాగున్న కీ ఒక్కటీ మిగలదు. స్పేర్‌ను చూపించి వెంటనే ఇంకోటి కోయించండి, స్పేర్‌ను తిరిగి బీరువాలో పెట్టండి.

రెండు కీలూ తిరగకపోతే తప్పు లాక్‌ది. రెండూ కష్టంగా తిరిగితే ముందు శుభ్రం చేసి చూడండి.

## శుభ్రం, కందెన: చవక, కానీ చేసే తీరు ముఖ్యం

కొబ్బరినూనె, ఇంజిన్ ఆయిల్, గ్రీజు వద్దు. మొదటి రోజు వెన్నలా తిరుగుతుంది; నెలకే దుమ్ము పట్టి జిగురవుతుంది. డబ్ల్యూడీ-40 మామూలు స్ప్రే బిగిసినదాన్ని వదిలించడానికి పనికొస్తుంది, కందెనగా నిలబడదు.

1. కాంటాక్ట్ క్లీనర్ (ఎలక్ట్రిక్ భాగాలు శుభ్రం చేసే) స్ప్రేను సన్నటి గొట్టంతో గాడిలోకి ఒకటి రెండు సెకన్లు కొట్టండి. మంటకు అంటుకునే రకం, దగ్గర్లో నిప్పు వద్దు, తలుపులు తెరిచి ఉంచండి.
2. కీని 10 నుంచి 15 సార్లు పెట్టి తీయండి, తిప్పొద్దు. ప్రతిసారీ గుడ్డతో తుడవండి. నల్లటి మడ్డి, అందులో పసుపుపచ్చ మెరుపు కనిపిస్తుంది. ఆ మెరుపు ఇత్తడి బిళ్లల పొడి. ఎక్కువగా వస్తోందంటే లోపల అరుగుదల ముదిరిందని అర్థం.
3. పది నిమిషాలు ఆరనివ్వండి.
4. గ్రాఫైట్ పొడి చిటికెలో సగం వేయండి. దొరక్కపోతే డ్రాయింగ్ పెన్సిల్, 6బీ గానీ 8బీ గానీ, కీ రెండువైపులా గాడుల్లో దట్టంగా రుద్ది పదిసార్లు పెట్టి తీయండి.
5. కీ లోపల ఉంచి, స్క్రూడ్రైవర్ పిడితో లాక్ ముఖం మీద నాలుగైదు సార్లు తేలిగ్గా తట్టండి. ఇరుక్కున్న బిళ్ల కిందికి జారుతుంది. కీ తల మీద కొట్టొద్దు, చిప్ అక్కడే ఉంటుంది.

గ్రాఫైట్ నూనెతో కలిస్తే సిమెంటులా ముద్దవుతుంది. ఇప్పటికే నూనె పోసి ఉంటే క్లీనర్‌తో రెండుసార్లు కడిగాకే గ్రాఫైట్ వేయాలి. పొడి గుమ్మరించడమూ తప్పే; గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది, వెనకున్న స్విచ్‌లోకి పోకూడదు.

దీనివల్ల దుమ్ము సమస్య తీరుతుంది, అరుగుదల తీరదు. రెండు వారాల్లో మళ్లీ మొరాయిస్తే ఇంకో స్ప్రే కొనకుండా తరవాతి దారి చూడండి.

## కొత్త కీ: కాపీనా, నంబరుతోనా

రోడ్డు పక్క డూప్లికేట్ కీలు చేసేవాళ్లు పాత కీని మెషిన్‌లో పెట్టి కాపీ చేస్తారు. అరిగిన కీకి కాపీ తీస్తే అరుగుదల కూడా కాపీ అవుతుంది. దానికి కాపీ తీస్తే ఇంకో తేడా కలుస్తుంది. ఎప్పుడూ అరగని స్పేర్ నుంచే తీయించండి.

రెండోది, కీ నంబరు. కొత్త కారుతో ఇచ్చిన కీ గుత్తికి చిన్న రేకు బిళ్ల గానీ ప్లాస్టిక్ ట్యాగ్ గానీ ఉంటుంది, దాని మీద నంబరు. ఆ నంబరు నుంచి కోస్తే ఫ్యాక్టరీ కొలతతో, కొత్త పళ్లతో వస్తుంది. షోరూమ్ ద్వారా ఆర్డర్ పెడితే ఆర్‌సీ, గుర్తింపు కార్డు అడుగుతారు, కొన్ని రోజులు పట్టవచ్చు. స్పేర్ పోయినవాళ్లకు ఆ ఆగడం అక్కరకొచ్చేదే.

చిప్ ఉన్న కీకి ప్రోగ్రామింగ్ ఖర్చే ఎక్కువ. కోయించిన కీతో లాక్ తిరిగి, డ్యాష్‌బోర్డులో కీ గుర్తు మెరుస్తూ ఇంజిన్ అందుకోకపోతే మిగిలింది చిప్ పనే. అది మరిచి లాక్ మార్పించినవాళ్లు ఉన్నారు.

## లాక్ పని: సరిచేయించాలా, ఒక్కటే మార్చాలా, సెట్ మార్చాలా

| | పాత లాక్ విప్పి సరిచేయడం | ఇగ్నిషన్ లాక్ (బండి స్టార్ట్ చేసేది) ఒక్కటే మార్చడం | పూర్తి లాక్ సెట్ (ఇగ్నిషన్, తలుపులు అన్నీ) |
|---|---|---|---|
| ఖర్చు | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ |
| బండి ఆగే సమయం | ఒక పూట | పార్టు ఉంటే ఒక రోజు | పార్టును బట్టి కొన్ని రోజులు |
| కీలు | పాతవే | తలుపుకొకటి, ఇగ్నిషన్‌కొకటి | అన్నిటికీ ఒకటే |
| భద్రత | చేసే పద్ధతిని బట్టి | మంచిది | అన్నిటికన్నా మంచిది |
| ఎవరు చేయాలి | నమ్మకమైన కీ మేకర్ | మెకానిక్, ఆటో ఎలక్ట్రీషియన్ | షోరూమ్ లేదా మంచి గ్యారేజీ |

సరిచేయడంలో రెండు రకాలున్నాయి, తేడా తెలియకపోతే మోసపోతారు. సరైన పద్ధతిలో అరిగిన బిళ్లలు తీసి, కొలత కుదిరే కొత్తవి వేస్తారు. అడ్డదారిలో బిళ్లల అంచులు ఆకురాయితో రుద్దేస్తారు, లేదా రెండు మూడు బిళ్లలు తీసేస్తారు. కీ అప్పటికి గాలిలా తిరుగుతుంది. కానీ ఇంకో బండి కీతోనో స్క్రూడ్రైవర్‌తోనో కూడా తిరగవచ్చు. ఇంజిన్ నడుస్తుండగానే కీ బయటికి వచ్చేయవచ్చు. పని మొదలుపెట్టే ముందే అడగండి: "కొత్త బిళ్లలు వేస్తారా, ఉన్నవే రుద్దుతారా?" పనయ్యాక కీ ఆన్‌లో ఉంచి బయటికి లాగి చూడండి. వస్తే ఒప్పుకోవద్దు.

ఇగ్నిషన్ ఒక్కటే మార్చుకునేవాళ్లకు రెండు కీల బాధ తప్పించే దారి ఒకటుంది. చేయి తిరిగిన కీ మేకర్ కొత్త బ్యారెల్‌లోని బిళ్లలను మీ పాత కీకి సరిపోయేలా అమర్చగలరు. మంచి స్పేర్ కీ ఉంటేనే ఇది చేయించండి. చిప్ కూడా పాతదే ఉంటుంది కాబట్టి ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. నన్నడిగితే అయిదు నుంచి పన్నెండేళ్ల మధ్య బండ్లకు ఇంతకన్నా మంచి బేరం లేదు.

ఎవరు చేసినా స్టీరింగ్ కింద చేయి పెట్టేముందు బ్యాటరీ నెగెటివ్ తీసి, కొన్ని నిమిషాలు ఆగాలి. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉండవచ్చు. ఆ జాగ్రత్త పడని మెకానిక్‌కు ఈ పని ఇవ్వకండి.

## ఎవరికి ఏది

అపార్టుమెంటు సెల్లార్‌లో ఆగినవాళ్లు. టోయింగ్‌కు ముందు ఎత్తు చూసుకోండి. చాలా సెల్లార్లలోకి టోయింగ్ లారీ దిగదు. స్టీరింగ్ లాక్ పడి ఉన్న బండి ముందు చక్రాలు పక్కకు మళ్లవు, తోసి ర్యాంపు ఎక్కించడమూ కుదరదు. ఇంటికొచ్చే కీ మేకర్‌ను పిలవడమే నయం.

హైవే మీద రాత్రి ఆగినవాళ్లు. స్టీరింగ్ ఆడించడం, కీ మిల్లీమీటరు వెనక్కి లాగి తిప్పడం, ఈ రెండే ప్రయత్నించండి. ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే వాళ్లకే చెప్పండి, "స్టీరింగ్ లాక్ అయింది, ఫ్లాట్‌బెడ్ (బండిని పైకెక్కించుకుని తీసుకెళ్లే లారీ) కావాలి" అని స్పష్టంగా. ఎలాగో స్టార్ట్ అయిందంటే గ్యారేజీ చేరేదాకా ఆపకండి, టీకి కూడా.

ఒకటే కీ ఉన్న సెకండ్‌హ్యాండ్ బండివాళ్లు. లాక్ ఇంకా తిరుగుతుండగానే నంబరుతో కొత్త కీ ఆర్డర్ పెట్టండి. నంబరు బిళ్ల పాత ఓనరు దగ్గర ఉందేమో అడగండి.

కొత్త బండివాళ్లు. వారంటీ ఉండగా బయట విప్పించొద్దు, షోరూమ్‌కే వెళ్లండి.

13, 14 ఏళ్ల బండివాళ్లు. తలుపు లాకులు బాగుంటే సెట్ దండగ. ఇగ్నిషన్ బ్యారెల్ చాలు, రెండు కీలు పెట్టుకోవడం పెద్ద కష్టం కాదు.

కీ పోగొట్టుకున్నవాళ్లు, దొంగతనం అనుమానం ఉన్నవాళ్లు. మీకు పూర్తి సెట్టే. పాత కీతో తలుపు తెరుచుకునే బండిని వీధిలో వదలలేరు. ఇన్సూరెన్స్‌లో కీ రీప్లేస్‌మెంట్ యాడ్-ఆన్ ఉందేమో చూసుకోండి. పోయిన కీకి అది వర్తిస్తుంది, అరిగినదానికి కాదు.

పుష్ బటన్ కార్లవాళ్లు. మీకు బ్యారెల్ లేదు. రిమోట్‌ను బటన్‌కు ఆనించి నొక్కండి. పలికితే రిమోట్ సెల్ మార్చండి, చాలా రిమోట్లలో సీఆర్2032 ఉంటుంది. స్టీరింగ్ లాక్ కూడా కరెంటుతో నడిచే రకమైతే బ్యాటరీ డౌన్ అయినప్పుడు అదీ వదలదు. మీ విషయంలో జంప్ స్టార్ట్ పనికొస్తుంది.

అమెరికాలో ఉన్నవాళ్లు. డీలర్‌కు ఫోన్ చేసేముందు మొబైల్ లాక్‌స్మిత్‌ను కూడా ధర అడగండి. ఇద్దరూ బండి మీదేనని చూపే కాగితాలు అడుగుతారు, విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు) దగ్గర పెట్టుకోండి.

## ఒప్పుకోకూడని దారి

"లాక్ ఎందుకు సార్, వైర్లు కలిపి ఒక స్విచ్ పెట్టేస్తా" అనేవాళ్లు ఉంటారు. పాత బండ్లకు ఇది బాగా అంటగడతారు. బ్యారెల్ చెడిపోయి, స్టీరింగ్ కడ్డీ లోపల అలాగే ఉంటే, నడుస్తున్న బండిలో అది గాడిలో పడే ప్రమాదం ఉంది. కడ్డీని కోసేస్తే బండి ఎవరి చేతికైనా దొరుకుతుంది.

ఇగ్నిషన్ చిన్న భాగమే అనుకోవద్దు. 2014లో జనరల్ మోటార్స్ అమెరికాలో షెవర్లే కోబాల్ట్, సాటర్న్ అయాన్ వంటి కార్లను ఇగ్నిషన్ స్విచ్ లోపంతో వెనక్కి పిలిపించింది. కీని ఆన్‌లో పట్టి ఉంచే బిగువు తక్కువ కావడంతో బరువైన కీ గుత్తికో గతుకుకో అది ఏసీసీకి జారేది. ఇంజిన్ ఆగి, స్టీరింగ్ బరువెక్కి, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. కంపెనీ పెట్టిన పరిహార నిధి 124 మరణాలను గుర్తించింది. మీ బండిలో కీ ఆన్‌లో ఉండగా వదులుగా ఊగుతున్నా, గతుకుల్లో డ్యాష్‌బోర్డు లైట్లు ఆరి వెలిగినా అది ఆ రోజే చూపించాల్సిన పని. ఇంటి తాళాలు, దేవుడి బొమ్మ, బీరువా తాళం ఉన్న గుత్తిని కారు కీకి తగిలించకండి.

లాక్ మార్చాక పాత కీలు పారేయొద్దు, బిల్లుతో కలిపి కవరులో ఉంచండి. కారు దొంగతనం క్లెయిమ్‌లో ఇన్సూరెన్స్ కంపెనీలు ఒరిజినల్ కీలు రెండూ అడుగుతాయి. ఏ తేదీన ఏ లాక్ మారిందో ఆ బిల్లే చెబుతుంది. కొత్త సెట్‌తో వచ్చిన నంబరు బిళ్లను ఆ రోజే ఫోటో తీసి, బిళ్లను కారులో కాకుండా ఇంట్లో పెట్టండి.